చెప్పి వెళ్ళడం

మా ఇంటి గుమ్మం దాటేవాళ్ళు "వెళ్ళొస్తా" అంటే నాకు చాలదు. "ఎన్నింటికి?" అని అడుగుతాను. "ఇప్పుడే" అంటే ఒప్పుకోను. మా కోడలు కొత్తల్లో దీన్ని అత్త పెత్తనం అనుకుంది, పాపం. ఇప్పుడు అలవాటుపడింది. మనవరాలు మాత్రం నన్ను వదలదు. "నానమ్మా, కూరల బండి దాకా వెళ్తున్నా. బెండకాయలు ముదురైతే నాలుగు నిమిషాలు, లేతగా ఉంటే ఏరుకోవాలి కాబట్టి ఏడు" అంటుంది. నేనూ నవ్వుతాను. అది మెట్లు దిగాక మాత్రం నా కళ్ళు గోడగడియారం మీదే ఉంటాయి. చేతిలో పేపరు ఉంటుంది, ఒక్క ముక్కా బుర్రకెక్కదు.

ఈ గుణం నాకు చిన్నప్పటినుంచీ ఉన్నది కాదు. కలరా వచ్చిన ఏడాది పట్టుకుంది.

డెబ్బైల మొదట్లో మేం బెజవాడ పటమటలో అద్దెకుండేవాళ్ళం. నేను ఆడపిల్లల బళ్ళో లెక్కలు చెప్పేదాన్ని. మా ఆయన ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. మా అత్తవారి ఊరు చల్లపల్లి దాటాక, కాలవ గట్టు మీద. అక్కడ అత్తగారు, మా మరిది, అతని భార్య, వాళ్ళ మూడేళ్ళ పాప ఉండేవాళ్ళు. సేద్యమంతా మరిదిదే. మా ఆయన పండక్కి వెళ్ళి గట్టు మీద నిలబడి పొలం చూసి రావడమే తప్ప నాగలి పట్టినవారు కారు.

కలరా ఆ ఏడు కొత్తగా పుట్టిన జబ్బేమీ కాదు. పదేళ్ళ పైబడి దేశాలు దాటుకుంటూ తిరుగుతోందని రేడియోలో చెబుతూనే ఉండేవాళ్ళు. దేశాలు దాటుతోందంటే అది వార్త. మన కాలవలోకి వచ్చిందంటే వేరు. ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. అడుగున మిగిలిన మడుగుల్లోనే గొడ్లు పడుకుంటాయి, బట్టలు ఉతుకుతారు. మళ్ళీ నీళ్ళు వదిలినప్పుడు ఆ చెత్తంతా కడుక్కుంటూ కొత్తనీరు వస్తుంది. మా వాళ్ళు ఆ నీళ్ళనే బిందెల్లో పట్టి, ఇండుపగింజ అరగదీసి కలిపి, పైన తేరిన నీళ్ళు వంచుకుని తాగేవాళ్ళు. ఆ గింజ బురదను అడుక్కి దించుతుంది. జబ్బును దించదు.

ఇదంతా శ్రావణంలో జరిగిందని మా ఆయన చివరిదాకా అనేవారు. కాదు. ఆషాఢంలో. మా ఎదురింట్లో కొత్తకోడలు పుట్టింటికి వెళ్ళి ఉంది, వాళ్ళత్తగారు ఒక్కతే పెరుగు చిలుక్కుంటూ కూర్చుని ఉంది, అప్పుడొచ్చాడు ఊరినుంచి మనిషి. మరిది పోయాడని చెప్పాడు. కళ్ళాపి చల్లే వేళకి మొదలైన వాంతులూ విరేచనాలూ మధ్యాహ్నానికి మనిషిని పీల్చేశాయట. చల్లపల్లిలో ఒక బడి ఖాళీ చేయించి రోగుల్ని పెడుతుంటే అక్కడికి తీసుకెళ్ళారట. అక్కడే పోయాడు. ఇంటికి తేనివ్వలేదు.

మా ఆయన వెళ్ళారు. నన్ను రావద్దన్నారు, పిల్లలున్నారుగా అని. పెద్దకర్మ నాటికి నేనూ వెళ్ళాను. ఇంటి చుట్టూ బ్లీచింగ్ పౌడరు ముగ్గు పోసినట్టు తెల్లగా ఉంది. భోజనాలకు వచ్చినవాళ్ళని చేతివేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. వచ్చినవాళ్ళు కూడా మంచినీళ్ళ గ్లాసు ముట్టలేదు.

మా వైపు ఒక పద్ధతి ఉంది. కర్మ అయ్యాక ఆ ఇంటి మనిషిని దగ్గరి చుట్టాలు వాళ్ళ ఇంటికి నిద్రకు తీసుకెళ్తారు. పుట్టింటివాళ్ళు ముందు. ఒక రాత్రి అక్కడ పడుకోబెట్టి, మర్నాడు మరొకరు, ఇంకొకరు. ఏడ్చిన ఇంట్లోంచి మనిషిని నాలుగు రోజులు కదిలించడానికి పెద్దవాళ్ళు పెట్టిన ఏర్పాటది. మా తోడికోడల్ని నిద్రకు తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు. పుట్టింటివాళ్ళు కూడా రాలేదు. కూచిపూడి దగ్గర వాళ్ళది. దూరమా అంటే ఎంత దూరం! వాళ్ళ ఇళ్ళల్లోనూ చంటిపిల్లలున్నారు. వాళ్ళని నేను తప్పు పట్టను. జబ్బు అలాంటిది. కానీ ఆ పిల్ల గోడకానుకుని కూర్చుని, వీధి తలుపువైపే చూస్తూ ఉండడం నేను చూశాను.

"మా ఇంటికి తీసుకెళ్తాను" అన్నాను.

అత్తగారు నావైపు తల తిప్పి, "పట్నంలో పిల్లలున్న కొంపలోకా?" అన్నారు.

"నీళ్ళు కాచుకుంటాం అత్తయ్యా. మీరూ రండి. ఇక్కడ మీకెవరున్నారు?"

అట్లా అత్తగారూ, తోడికోడలూ, పాపా పటమట వచ్చారు. తోడికోడల్ని ఒక్క నిద్రకని తీసుకొచ్చాను. నెలలు ఉంది.

వచ్చిన మర్నాడే తెలిసింది, ఆ పిల్ల కుదురుగా లేదని. పిల్ల అంటున్నాను గానీ ఇరవై నాలుగేళ్ళ మనిషి. కూర్చుంటే లేస్తుంది. లేస్తే గేటు దాకా వెళ్తుంది. గేటు ఊచ పట్టుకుని బందరు రోడ్డు వైపు చూస్తుంది. మళ్ళీ లోపలికొచ్చి మేమందరం ఉన్నామో లేదో గదిగదికీ తిరిగి చూస్తుంది. పాపని ఒక్క క్షణం వదలదు. తన పమిట చెంగు ఆ పిల్ల గౌను నడుము పట్టీకి ముడేసుకుని తిరిగేది. పాప ఆడుకోవాలని లాగేది, ఈమె లాక్కునేది. చూస్తే నవ్వొచ్చే సంగతే. ఎవరికీ నవ్వు రాలేదు.

అన్నం పెడితే రెండు ముద్దలు. ఆ రెండో ముద్ద నోట్లో ఉండగానే ఎవరైనా పీట కదిపితే చాలు, ఎంగిలిచేత్తో లేచి వెంటపడేది. నేను బడికి బయల్దేరితే రిక్షా చక్రం పట్టుకునేంత పని చేసేది. మా ఆయన స్నేహితుడైన డాక్టరుగారికి చూపించాం. నాడి చూశారు, కళ్ళు చూశారు. "ఒంట్లో ఏమీ లేదమ్మా. నిద్రకు బిళ్ళలిస్తాను. మిగతాది మీ చేతుల్లో ఉంది" అన్నారు. మా చేతుల్లో ఏముందో ఆయన చెప్పలేదు. నాకూ తెలియలేదు.

జబ్బు తగ్గి రాకపోకలు సాగాక పలకరింపులు మొదలయ్యాయి. ఊళ్ళో రానివాళ్ళు కూడా బెజవాడ పని మీద వచ్చి, ఆ చేత్తోనే మా ఇంటికొచ్చి కాసేపు కూర్చునేవాళ్ళు. చావు జరిగిన ఇంటికి వచ్చినవాళ్ళు వెళ్ళేటప్పుడు "వెళ్ళొస్తాం" అనరు. మళ్ళీ వస్తాననడమంటే ఆ ఇంట్లో మళ్ళీ అలాంటి పనే పడాలని కోరుకున్నట్టు. అందుకని మాటల మధ్యలో, ఇంటివాళ్ళు అటు తిరిగినప్పుడు చూసుకుని లేచి వెళ్ళిపోతారు. ఇంటివాళ్ళూ "వెళ్ళిరండి" అనరు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నదే. ఎవరికీ వింతగా తోచేది కాదు.

ఆ పిల్ల మంచినీళ్ళకని లోపలికి వెళ్ళి వచ్చేసరికి మా ఆయన పెదనాన్నగారు కూర్చున్న కుర్చీ ఖాళీగా ఉండేది. గ్లాసుతో గేటు దాకా పరిగెత్తేది. అక్కడెవరూ ఉండరు. ఆ సాయంత్రమంతా ఇక ఇల్లు ఇల్లుగా ఉండేది కాదు. ఒకసారి గేటు దాటి కాలవ వంతెన దాకా వెళ్ళిపోయింది, పాపని కూడా లాక్కుంటూ. తెలిసినవాళ్ళు చూసి తీసుకొచ్చారు.

ఆ సంగతి కూచిపూడికి చేరింది. వాళ్ళన్నగారు వచ్చారు. మాట నెమ్మది, మనసు గట్టి. చెల్లెల్ని పలకరించి, నన్నూ మా ఆయన్నీ వాకిట్లోకి పిలిచి చెప్పారు.

"బావగారూ, నేను దాపరికం లేకుండా చెబుతా. దసరా వెళ్ళేదాకా చూస్తాను. అప్పటికి కుదుటపడకపోతే విశాఖపట్నం పిచ్చాసుపత్రికి తీసుకెళ్తాను. పాప మా ఇంట్లో పెరుగుతుంది."

"అక్కడ కరెంటు పెడతారంటగా అన్నయ్యగారూ" అన్నాను.

"పెడితే పెడతారు చెల్లెమ్మా. కాలవలో పడితే ఏం చేస్తారు మీరు?"

ఆసుపత్రి చెడ్డదని నేననను. ఇప్పుడైతే నేనే తీసుకెళ్ళేదాన్ని. ఎదురుగా కూర్చోబెట్టుకుని గంటసేపు చెప్పింది వినే డాక్టర్లున్నారిప్పుడు, మా మనవరాలి స్నేహితురాలు ఒకమ్మాయి ఆ చదువే చదివింది. అప్పుడు మాకు తెలిసినంతలో అక్కడికి వెళ్ళిన మనిషి తిరిగొచ్చిందన్న కబురు లేదు. తల్లినీ బిడ్డనీ విడదీస్తే ఆ ముడి ఎవరు విప్పుతారు, ఎట్లా విప్పుతారు అన్నదే నా బుర్రలో తిరిగేది. బడిలో బోర్డు మీద లెక్క సగం వేసి ఆగిపోయేదాన్ని. పిల్లలు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకునేవాళ్ళు.

ఆ రోజుల్లోనే ఒకటి గమనించాను. మా ఆయన పట్టింపులు లేని మనిషి. పట్టింపులు లేవని కాదు, గుర్తుండవు. ఒకరోజు చెప్పులేసుకుంటూ అలవాటుగా, "ఐదున్నరకి వచ్చేస్తా" అనేసి సైకిలెక్కారు. గదిలోంచి అత్తగారు "రామ రామ" అన్నారు. ఆ రోజు ఆదివారం కాదు గానీ మా బడికి సెలవు, అందుకని ఇంట్లో ఉండి చూశాను. ఆ పిల్ల మిగతా అందరి వెనకా పడింది గానీ ఆయన కోసం గేటు దగ్గరికి వెళ్ళలేదు. సాయంత్రం మాత్రం గడియారం కిందికొచ్చి నిలబడింది. ఐదున్నర అవుతుండగా సైకిలు గంట వినిపించింది. ఆ పిల్ల పెద్దగా ఊపిరి వదిలి, లోపలికి వెళ్ళి కంచం పెట్టుకుంది. పెరుగన్నం దాకా తిన్నది.

మర్నాడూ అదే మాటన్నారు గానీ, సైకిలు పంక్చరై ఆయన ఆరు దాటాక వచ్చారు. ఐదున్నరనుంచి ఆరుదాకా మా ఇంట్లో ఏం జరిగిందో రాయను. పాప గౌను చిరిగింది.

ఆ పిల్ల శాంతించాక పెరట్లో పక్కన కూర్చుని, "అమ్మాయ్, బావగారు ఆలస్యమైతే ఏమనుకున్నావు?" అని అడిగాను.

చెంగు నలుపుకుంటూ, "నీళ్ళు కాస్తన్నానక్కా" అంది.

"ఎప్పుడు?"

"ఆ రోజు. కాచిన నీళ్ళే తాపమని సూదులేసే ఆయన చెప్పాడు. పొయ్యి మీద పెట్టా. కట్టెలు పచ్చియ్యి, ఊదతా కూర్చున్నా. చెంబులో పోసుకుని బయటికొచ్చేతలికి మంచం ఖాళీ. బండి మలుపు తిరిగిపోయింది. దుమ్ము కనపడతంది, అంతే. ఒక్కళ్ళన్నా పిలవొచ్చుగా. తీసుకెళ్తన్నాం అని ఒక్క కేకన్నా వేయొచ్చుగా. ఆయనకు నోరు లేవలా, సరే. మిగతావాళ్ళకేం?"

"నిన్ను భయపెట్టడం ఎందుకని..."

"చెంబు పట్టుకుని గట్టెంట పరిగెత్తా. నీళ్ళు ఒలికిపోయినయ్."

అంతే చెప్పింది. అది చెప్పినప్పుడు ఏడవలేదు. నాకు మాత్రం ఆ కుర్చీలన్నీ కళ్ళముందు తిరిగాయి. ఆమె గ్లాసు పట్టుకుని వచ్చేసరికి ఖాళీ అయిన కుర్చీలు. మేం మర్యాదగా చేస్తున్నామనుకున్నది ఆ పిల్లకి రోజూ అదే బండి, అదే మలుపు.

మర్నాడు బడికి వెళ్తూ గేటు దగ్గర ఆగి ఆ పిల్ల మొహంలోకి చూసి చెప్పాను. "వెళ్ళొస్తా. నాలుగున్నరకి. దారిలో కూరలు కొంటే నాలుగూ నలభై. అంతకు మించితే నన్నడుగు."

తలూపింది. నా వెనక అరుగు మీదనుంచి అత్తగారు పిడుగు పడ్డట్టు లేచారు.

"ఏమే, చదువుకున్నదానివి, ఏడాది తిరక్కుండా ఈ గుమ్మంలో ఆ మాటేంటే? మీ ఆయనకెటూ బుద్ధి లేదు. నీకూ పోయిందా?"

"పిల్ల భయపడుతోంది అత్తయ్యా. చెప్పకుండా పోతే..."

"నా కొడుకు పోయాడే! మళ్ళీ వస్తానంటే ఏం వస్తది ఈ ఇంటికి? చెప్పు, ఏం వస్తది?"

ఆవిడ కడుపుకోత ఆవిడది. ఆవిడకీ ఎవరూ చెప్పలేదు, ఆ మధ్యాహ్నం. బండి తోలిన మనిషి తర్వాత వచ్చి కాళ్ళ మీద పడ్డాడు గానీ. ఆవిడ ఆ పట్టింపులు పట్టుకుని నిలబడ్డారు, పట్టుకోవడానికి ఇంకేమీ లేక. నేను దండం పెట్టి, "తిట్టండి, కానీ నేను చెప్పే వెళ్తాను" అని రిక్షా ఎక్కాను. నాలుగున్నరకి సరిగ్గా గుమ్మంలో దిగాను. రిక్షా అతన్ని అంత తొందర పెట్టినందుకు అతను కూడా తిట్టాడు.

ఆ రోజునుంచి మా ఇల్లు రైలు స్టేషన్లాగా అయిపోయింది. మా పిల్లలు వీధిలోకి గోళీలాటకు వెళ్ళినా టైము చెప్పాలి. చెప్పిన టైముకి రాకపోతే నా చేత్తో దెబ్బ పడేది. మా ఆయన సైకిలుకి కొత్త టైర్లేయించారు. పలకరింపుకొచ్చిన చుట్టాల్ని నేను ముందే వాకిట్లో ఆపి, లోపల చెప్పి లేవమని బతిమాలేదాన్ని. కొందరు విన్నారు. కొందరు విడ్డూరంగా చూశారు. పెదనాన్నగారైతే, "ఆ మాట నా నోటెంట రాదమ్మా, కావాలంటే లేచేముందు దగ్గుతా" అన్నారు. నిజంగానే దగ్గారు. అదీ పనికొచ్చింది.

చిక్కల్లా పక్కింటావిడతో వచ్చింది. మంచిది, మాటకారి. "మళ్ళీ సాయంత్రం వస్తాగా, తీరిగ్గా కూర్చుందాం" అని రోజుకి పది ఇళ్ళల్లో అనే మనిషి. అది వెళ్ళడానికి అనే మాటే తప్ప రావడానికి కాదని ఊరందరికీ తెలుసు. మా తోడికోడలికి తెలియదు. ఆవిడ అలా అనేసి వెళ్ళింది. సాయంత్రం అయ్యింది. దీపాలు పెట్టే వేళ దాటుతోంది. ఆ పిల్ల గేటు ఊచలు పట్టుకుని కదలదు. వారం రోజులనుంచి పమిట ముడి లేకుండా తిరుగుతున్నదల్లా మళ్ళీ పాప గౌను వెతుక్కుంటోంది.

నేను పక్కింటికి వెళ్ళాను. ఆవిడ జంతికల పిండి కలుపుతోంది.

"రండి టీచరుగారూ, ఉప్పు చూడండి..."

"మీరు సాయంత్రం వస్తానన్నారు."

"ఎక్కడికండీ?"

"మా ఇంటికి. మా అమ్మాయితో అన్నారు. గేటు దగ్గర నిలబడి ఉంది."

"అయ్యో, మాటవరసకి అన్నానండీ!"

"మా ఇంట్లో మాటవరసలు లేవండి. లేవండి."

"చేతులు పిండండీ బాబూ!"

"పిండితోనే రండి."

పిండి చేతులతోనే వచ్చింది. గేటులోనుంచే, "ఏమ్మా, వచ్చానుగా! మీ అక్కయ్యగారు పోలీసుల్లాగా పట్టుకొచ్చారు. ఇదిగో చూడు, చేతులు కూడా కడుక్కోనివ్వలేదు" అంది. ఆ పిల్ల నెమ్మదిగా ఊచలు వదిలింది. ఆ రాత్రికి జంతికలు మా ఇంట్లోనే వండారు. తర్వాత ఆవిడ మా ఇంటినుంచి లేచేటప్పుడు నావైపు చూసి, "రేపు రాను. ఎల్లుండి రాను. గురువారం పదకొండు గంటల బస్సు" అని అరిచి మరీ వెళ్ళేది. వీధిలో అందరికీ అదొక ఆటైపోయింది. నాకేం తప్పుగా తోచలేదు. గురువారం పదకొండుకి వచ్చేదిగా.

నెమ్మదిగా తేడా కనిపించింది. నెమ్మదిగా అంటే నిజంగానే నెమ్మదిగా. ఒక పూట బాగుండేది, రెండు పూటలు ఉండేది కాదు. పోస్టుమాను విజిలేసి వెళ్ళిపోతే ఏడ్చిన రోజుంది. నిద్రబిళ్ళలు మానేయడానికి చూసి మళ్ళీ మొదలుపెట్టాం. నాకు తొందర. దసరా దగ్గరికొస్తోంది. బొమ్మలు పెట్టే వీధుల్లో నడుస్తూ కూడా నేను రోజులే చూసుకునేదాన్ని. కాపీలు దిద్దుతూ, ఆ పిల్ల వంటింట్లోనుంచి పెరట్లోకి ఎన్నిసార్లు తిరిగిందీ చెవులతో వింటూండేదాన్ని. తిరుగుడు తగ్గింది ఆమెకి. ఎక్కింది నాకు.

దసరా సెలవులయ్యి బడి తెరిచారు. ఇంకో నాలుగు రోజులకు వాళ్ళన్నగారు ఉదయం బస్సుకి దిగారు. భుజాన ఖాళీ సంచీ ఒకటి. చెల్లెలి బట్టలకని నాకర్థమైంది. "మీరు బడికి వెళ్ళి రండి చెల్లెమ్మా. సాయంత్రం మాట్లాడుకుందాం" అన్నారు.

వెళ్ళబుద్ధి కాలేదు. కానీ ఆ రోజు బడికి ఇన్స్పెక్షన్. గేటు దగ్గర ఆ పిల్లతో, "నాలుగున్నరకి" అని చెప్పి వెళ్ళాను.

ఇన్స్పెక్షన్‌కి వచ్చినవారు బడి వదిలే వేళకి మా తరగతిలో అడుగుపెట్టారు. బోర్డు మీద ఏం రాశానో, పిల్లలేం చెప్పారో తెలియదు. ఆయన నింపాదిగా రిజిస్టర్లు తిప్పారు. హెడ్‌మిస్ట్రెస్ టీ తెప్పించారు. ఎవర్నీ కదలనివ్వలేదు. ఫోను లేదు, పంపడానికి మనిషి లేడు. బయటపడేసరికి ఆరు కావస్తోంది. రిక్షాలో నేను కూర్చోలేదు, అంచు మీద నిలబడ్డట్టే ఉన్నాను. గేటు దగ్గర జనం మూగి ఉంటారు. పాప గౌను. ఆ ఖాళీ సంచీ నిండి ఉంటుంది. మలుపు తిరిగేదాకా ఇవే ఆలోచనలు.

గేటు దగ్గర జనం లేరు. వాళ్ళన్నగారు ఒక్కరే ఊచ పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఎక్కడ?" అన్నాను, రిక్షా దిగకుండానే.

"లోపల. వంట చేస్తోంది" అన్నారాయన. "మీరేమైపోయారు చెల్లెమ్మా? నాలుగున్నరన్నారు. నాకేమో కాళ్ళాడలా. ఆరోసారి వచ్చా గేటు దగ్గరికి."

"అమ్మాయేమందండీ?"

"నన్ను లోపలికొచ్చి కూర్చోమంది. 'అక్క వస్తానందిగా, వస్తది, బడిలో ఏదో పని పడి ఉంటది' అంది. నాకు కాఫీ ఇచ్చింది. మళ్ళీ లేస్తే కసిరింది."

వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి మీద పులుసు మరుగుతోంది. పాప పెరట్లో బొమ్మ పిడతలతో ఆడుతోంది, ఆమెకు నాలుగు గజాల దూరంలో, ఏ ముడీ లేకుండా. ఆ పిల్ల నన్ను చూసి గడియారం వైపు చూసింది. ఆ చూపులో బెదురు లేదని అనను. కానీ, "ఇంత ఆలస్యమైతే ఎట్టా అక్కా? మా అన్నయ్య నా ప్రాణం తీశాడు" అంది.

నేను గుమ్మానికానుకుని నిలబడిపోయాను. ఉప్పు సరిపోయిందో లేదో చూడమని నా అరచేతిలో పులుసు బొట్టు వేసింది. ఎక్కువైంది. చెప్పలేదు.

అన్నగారు ఆ రాత్రి ఉండి, తెల్లారి ఖాళీ సంచీతోనే వెళ్ళారు. గేటు దగ్గర చెల్లెలి తల మీద చెయ్యి వేసి, మొహమాటంగా నావైపు చూసి, "పై నెల మొదటి ఆదివారం వస్తానమ్మా" అన్నారు. తర్వాత మెల్లిగా నాతో, "ఆదివారమంటే ఎన్ని గంటలకో కూడా చెప్పాలా చెల్లెమ్మా?" అన్నారు. చెప్పాలన్నాను. చెప్పారు.

మిగిలింది అత్తగారు.

కోతలు దగ్గరపడ్డాయి. కొడుకు వేసిన చేను, కొడుకు లేకుండా కోయించాలి. ఊరెళ్తానన్నారు. మూడు నెలలు ఆవిడ మా అందరి "వెళ్ళొస్తా"లు విని చెవులు మూసుకున్నారే గానీ, ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు. గుడికి వెళ్ళాలన్నా ఆ పిల్ల స్నానానికి వెళ్ళిన సమయం చూసి జారుకునేవారు. ఆవిడ తిరిగొచ్చేదాకా ఆ పిల్లకి అన్నం దిగేది కాదు. మిగతా ప్రపంచమంతా ఒక ఎత్తు, మొగుడి తల్లి ఒక ఎత్తు కదా. ఇప్పుడావిడ చెప్పకుండా బస్సెక్కితే ఇన్నాళ్ళ కష్టం ఏమవుతుందోనని నాకు రెండు రోజులు నిద్రలేదు. అడిగాను కూడా.

"అనను" అన్నారావిడ. "నా నోటితో అనను. నన్ను అడగమాక."

వెళ్ళే రోజు పొద్దున సంచీ సర్దుకున్నారు. పాపని ముద్దు పెట్టుకున్నారు. ఆ పిల్ల గుమ్మంలో నిలబడి అత్తగారి నోటివంకే చూస్తోంది. ఆవిడ తలెత్తలేదు. చెప్పులేసుకుని, నడుచుకుంటూ గేటు దాటి రిక్షా ఎక్కారు. ఆ పిల్ల చేతులు ఆడించడం మొదలుపెట్టింది. అప్పుడు చూశాను, వసారాలో కొక్కేనికి ఆవిడ నల్ల గొడుగు వేలాడుతోంది. ఆ గొడుగు లేకుండా ఆవిడ పొలం గట్టు కూడా ఎక్కేవారు కాదు. అందుకుని పరిగెత్తాను.

"అత్తయ్యా, గొడుగు!"

"అరవమాక" అన్నారు రిక్షాలోంచి. "మర్చిపోయి పెట్టలా."

"మరి?"

"ఆదివారం మధ్యాహ్నం బస్సుకొచ్చి తీసుకెళ్తా. అక్కడే ఉండనియ్. దాని కళ్ళకి కనపడేట్టు పెట్టు."

రిక్షా కదిలింది. నేను గొడుగుతో వెనక్కొచ్చాను. ఆ పిల్ల నా చేతిలోంచి తీసుకుని, తనే కొక్కేనికి తగిలించి, ముడుచుకున్న అంచులు సరిచేసింది. పాపని తీసుకుని నూతి దగ్గరికి వెళ్ళింది.

ఆదివారం తెల్లారేసరికే ముసురు పట్టింది. మధ్యాహ్నం బస్సు వచ్చే వేళ దాటింది. గేటు దగ్గర నిలబడ్డది నేను. రోడ్డు మీద నీళ్ళు, ఒక్క రిక్షా లేదు. లోపలినుంచి ఆ పిల్ల, "అక్కా, తడుస్తన్నావు, లోపలికి రా. పామర్రు దగ్గర బస్సు ఆగి ఉంటది" అని రెండుసార్లు పిలిచింది. నేను వెళ్ళలేదు.

మూడు దాటాక ఒక రిక్షా వచ్చింది. అత్తగారు దిగారు, తలనుంచి నీళ్ళు కారుతున్నాయి, చీర ఒంటికి అతుక్కుపోయింది. గేటు తీస్తూనే కోడలి మీద విరుచుకుపడ్డారు.

"చూడవే ఎట్టా తడిశానో! ఇంత వానలో గొడుగు లేకుండా వచ్చా. అంతా నీ మూలానే!"

ఆ పిల్ల తువ్వాలు తీసుకొచ్చి అత్తగారి తల తుడుస్తూ నవ్వింది. ఆషాఢం తర్వాత ఆ నవ్వు వినడం నేను అదే మొదటిసారి. అత్తగారు కాసేపు తిట్టడం ఆపి విన్నారు. మళ్ళీ మొదలుపెట్టారు.

మర్నాడు బయల్దేరేటప్పుడు కూడా వాన పడుతూనే ఉంది. ఆవిడ వసారాలో ఆగి గొడుగు వైపు చూశారు, మా వైపు చూశారు. పమిట తలమీదికి లాక్కుని, వానలోనే నడిచి వెళ్ళి రిక్షా ఎక్కారు. గొడుగు కొక్కేనికే ఉంది.